తువ్వాలు కింద రెండు చేతులు

పొదిలి స్కూల్లో లెక్కలు చెప్పే జక్రయ్య మాస్టారిని మొదటిసారి చంపబోయింది అగ్నికణ దళం వాళ్ళు. రెండోసారి ధర్మఖడ్గ సేన వాళ్ళు. మొదటివాళ్ళు గుమ్మంలో పెట్టిన బాంబు పేలలేదు. రెండోవాళ్ళదీ పేలలేదు. రెండూ ఒకే చోట తయారైనవి మరి, గుణం ఎక్కడికి పోతుంది?

గుంటూరు బ్రాడీపేటలో పైకి టైపు ఇన్‌స్టిట్యూట్‌లా కనిపించే ఆఫీసు ఒకటుంది. దాని వెనకగదిలో చీఫ్ లక్ష్మీనరసింహం ఆ రెండు డబ్బాల్నీ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఏజెంట్ గురునాథం వైపు తోశాడు. ముందుగదిలో ఆడపిల్లలూ మగపిల్లలూ టకటకా టైపు కొడుతున్నారు. ఆ చప్పుడులో రహస్యాలు బయటికి పోవని డిపార్ట్‌మెంట్ ధీమా. లోపలివాళ్ళకు కూడా సగమే వినబడతాయన్న సంగతి ఇంతవరకు ఎవరూ పైకి రాయలేదు.

"తేడా కనిపించిందా?" అన్నాడు చీఫ్.

"దీనికి ఎర్ర కాగితం అంటించారు సార్. దానికి కాషాయం."

"కాగితం కింద?"

"ఒకే కంపెనీ."

కంపెనీ పేరు మిస్టర్ హోల్ట్. ఒంగోల్లో పొగాకు కొనడానికి దిగిన దొర. కొన్న పొగాకు తక్కువ, అమ్మిన మందుగుండు ఎక్కువ. ఆయన్ని ఏ దేశం పంపిందో చీఫ్ చెప్పలేదు. గోడ మీది ప్రపంచపటం వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

గురునాథానికి అర్థం కానిది ఒక్కటే. లెక్కల మాస్టారి మీద ఇద్దరికీ ఒకేసారి అంత కోపం ఎందుకు? చీఫ్ చెప్పుకొచ్చాడు. ఆ ఏడు తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టింది. రైతులు కూలీల మీద పడ్డారు, కూలీలు రైతుల మీద పడ్డారు. దళం కూలీల పేటల్లో అన్నం తిని తుపాకులు పంచింది, సేన రైతుల లోగిళ్ళలో చందాలు పట్టి కత్తులు పంచింది. మధ్యలో ఈ మాస్టారు సైకిలేసుకుని ఊరూరా తిరిగి రెండు పక్షాల్నీ ఒక చాప మీద కూర్చోబెట్టాడు. ఏ దళానికీ అన్నం పెట్టం, ఏ సేనకూ చందా ఇవ్వం, మా తగువు మేమే తేల్చుకుంటాం అని ఒప్పించాడు. ఆ మాట శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు గుంటూరు మిర్చి యార్డులో, అన్ని ఊళ్ళవాళ్ళూ కాయ తెచ్చుకున్న రోజున, అందరి ముందూ అనిపించబోతున్నాడు.

"ఆ మాట బయటికి వస్తే ఇద్దరి దుకాణాలూ మూతే," అన్నాడు చీఫ్. "ఐదు దాకా మనిషి బతికుండాలి. అదే నీ పని."

పరికరాలు రెండిచ్చారు. కెమెరా దాచిన కళ్ళజోడు ఒకటి, లోపల చిన్న కత్తి ఉన్న సిగరెట్ లైటర్ ఒకటి. ఒంగోల్లో కలవాల్సిన మనిషి బాలత్రిపురసుందరి, డబుల్ ఏజెంట్. కోడ్ మాట, 'ఈ ఏడు కాయ రంగెట్లా ఉంది?' దానికి జవాబు, 'ఎండను బట్టి ఉంటుంది.' ఆ కోడ్ ఢిల్లీలో తయారైంది. ఒంగోలు బస్సులో గురునాథం పక్కన కూర్చున్న రైతుల్లో ముగ్గురు, ఎవరూ అడక్కుండానే, ఆ రెండు మాటలూ ఒకరితో ఒకరు అనుకున్నారు.

భార్య శ్యామలాంబకు మాత్రం అతను పురుగుమందుల కంపెనీ సేల్స్ రిప్రజెంటేటివ్. తెల్లదోమ వచ్చిన ఏడు ఆ ఉద్యోగం చెప్పుకోవడం గూఢచారినని చెప్పుకోవడం కంటే ప్రమాదం. ఒకసారి తాలూరులో తన్నులు కూడా తిన్నాడు.

ఒంగోల్లో ఆ రోజు పొద్దున సేన వాళ్ళ సభ. గురునాథం నుదుటి మీద విభూతి పట్టించి వెనక వరసలో కూర్చున్నాడు. సుందరి పట్టుచీర కట్టి, జడనిండా మల్లెపూలు పెట్టుకుని మైకు ముందుకు వచ్చింది. "శత్రువు ఎదురుగా లేడు, మన మధ్యనే ఉన్నాడు. నవ్వుతూ మాట్లాడతాడు, సర్దుకుపొమ్మంటాడు. వాడిని క్షమిస్తే మన ధర్మం మనల్ని క్షమించదు," అంది. చప్పట్లు మోగాయి.

మధ్యాహ్నం ఊరి బయట తాటితోపులో దళం వాళ్ళ క్లాసు. గురునాథం విభూతి తుడుచుకుని గడ్డం అంటించుకు వెళ్ళాడు. సుందరి ముతక నూలుచీరలో, బోసి మెడతో లేచి నిలబడింది. శత్రువు మన మధ్యనే ఉన్నాడు, నవ్వుతూ మాట్లాడతాడు, సర్దుకుపొమ్మంటాడు. వాడిని క్షమిస్తే మన వర్గం మనల్ని క్షమించదు. చప్పట్లు అక్షరం తేడా లేకుండా అదే చోట పడ్డాయి.

క్లాసు అయ్యాక ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తోపు చివర ఫియట్ కారులో కూర్చుంది. కారులో సెంటు వాసన గుప్పుమంది. గురునాథం కోడ్ మాట మొదలుపెట్టబోతే చేత్తో వారించింది.

"ఎండను బట్టి ఉంటుందండీ, తెలుసు. ఎక్కండి."

"స్పీచి ఒకటేగా?" అన్నాడు గురునాథం.

"రెండు రాయమంటారా? ఇంటికెళ్ళి వంట కూడా నేనే చేసుకోవాలి." అద్దంలో చూసుకుంటూ జడలో మల్లెపూలు మళ్ళీ తురుముకుంది. "ఒక్క మాట మారుస్తాను. ఇన్నాళ్ళలో ఒక్కడు పట్టుకోలేదు."

ఆమె చెప్పిన సంగతి ఇదీ. దొర ఈసారి పేలే బాంబే చేయించాడు. చేయించింది ఒక్కటి, అమ్మింది ఇద్దరికి. మిరపకాయల బస్తాలో కుట్టి యార్డుకు పంపేశాడు. ఏ బస్తానో తనకూ తెలియదంది. శుక్రవారం సాయంత్రం దళపతీ, సేనానీ ఇద్దరూ ముఖాలకు గుడ్డలు కట్టుకుని యార్డుకు వస్తారు. ఘాటుకు అక్కడ అందరూ కట్టుకునేవే కనుక ఎవరూ అనుమానించరు. ఒక దళారీకి చెరోవైపు కూర్చుని, యార్డులో ధర బేరమాడినట్టే, ఎప్పుడు పేలాలో తువ్వాలు కింద వేళ్ళతో చెబుతారు. పక్కవాడు ఎవరో కాయ కొనే షావుకారనే ఇద్దరి నమ్మకం.

"టైము వాళ్ళెందుకు చెప్పడం?"

"ఎవరికి వాళ్ళు తమ చేతిలోనే ఉందనుకోవాలిగా. పాపం."

దళారీ స్థానంలోకి దూరడం గురునాథానికి కష్టం కాలేదు. ఇంకో కేసు మీద మారువేషంలో మూడు నెలలుగా యార్డులో అదే పని చేస్తున్నాడు. దొర కుదుర్చుకున్న అసలు దళారీని మఫ్టీ పోలీసులు పొద్దున్నే తీసుకుపోయి కాటాగదిలో కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టారు.

అంతకు ముందు రోజు గురునాథం పొదిలి వెళ్ళాడు. మాస్టారు వరండాలో కూర్చుని సైకిలు ట్యూబుకు అతుకు వేసుకుంటున్నాడు. శుక్రవారం రావద్దని గురునాథం బతిమాలాడు. తాను రాకపోతే కూలీలు వెనక్కి తగ్గారని రైతులంటారు, రైతులు తగ్గారని కూలీలంటారు, అందుకని రాక తప్పదన్నాడాయన. ఆ మాట అంటూనే ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు చూసుకున్నాడు.

"ఒకటి అడుగుతాను మాస్టారూ. ఈ ఇద్దరూ ఒకటేనా?"

జక్రయ్య నీళ్ళలోంచి ట్యూబు తీశాడు. ట్యూబు తుడిచాడు.

"కాదండీ. ఒకటే అనేయడం తేలిక. దళంలోకి పోయిన కుర్రాడు నా దగ్గరే చదివాడు. వాళ్ళ నాన్నను కట్టేసి కొట్టారు, అందుకు పోయాడు. సేనలోకి పోయినవాడూ నా దగ్గరే చదివాడు. పత్తి పోయి వాళ్ళ నాన్న పురుగుమందు తాగాడు. దానికి కారణం మా పేటవాళ్ళేనని ఎవరో ఎక్కించారు. ఒకడు దెబ్బ తిని పోయాడు, ఒకడు అబద్ధం విని పోయాడు. రెండూ ఒకటంటే ఇద్దరి నాన్నలకూ అన్యాయం చేసినట్టు."

"మరి?"

"బాంబు పెట్టడానికి వచ్చిన రోజు మాత్రం ఇద్దరూ ఒక్కలాగే తలుపు కొట్టారు. లోపల పిల్లలెవరైనా ఉన్నారేమో చూసుకోవడానికి. ఇద్దరూ 'మాస్టారూ' అనే పిలిచారు."

శుక్రవారం యార్డు ఎర్రగా మండుతోంది. ఎటు చూసినా కాయ రాశులు, బస్తాల దొంతరలు. అలవాటైన హమాలీలు పాటలు పాడుతూ మోస్తున్నారు, అలవాటు లేనివాళ్ళు తుమ్ముతున్నారు. బస్తాలే పేర్చి, పైన జంపఖానా పరిచి వేదిక కట్టారు. ఒక వైపు రైతులు, ఒక వైపు కూలీలు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. జక్రయ్య వేదిక ఎక్కి ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడ్డాడు. దొర ముక్కుకు సిల్కు రుమాలు అడ్డం పెట్టుకుని కాటా పక్కన నిలుచున్నాడు.

గురునాథం ఒళ్ళో తువ్వాలు పరిచాడు. ఎడమపక్కన దళపతి, కుడిపక్కన సేనాని కూర్చున్నారు. తువ్వాలు బేరంలో ఒక మర్యాద ఉంది. చేతులు గుడ్డ కింద, చూపు కాయ రాశి మీద. బేరం తెగేదాకా ఎవరూ ఎవరి ముఖమూ చూడకూడదు. చూస్తే దళారీని నమ్మనట్టు. ఆ మర్యాద ఇద్దరూ నేర్చుకునే వచ్చారు. దళపతి నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు, నాలుగు గంటలకే పేలి ఉండాల్సిందని. సేనాని ఐదు పట్టి ఇంకొకటి నొక్కాడు, జనం నిండాక ఆరింటికి కావాలని. రెండు చేతులూ చెమటతో ఒక్కలాగే జారుతున్నాయి.

కళ్ళజోడు కెమెరా దానంతటదే ఫోటోలు తీస్తోంది, కానీ కళ్ళనిండా నీళ్ళు. తరవాత కడిగిస్తే ఆ ఫిల్ములో తడి తప్ప ఏమీ పడలేదని తేలింది. అందుకని తల విదిల్చి కళ్ళజోడు ఒళ్ళోకి జారవిడిచి చూశాడు. అప్పుడు కనబడింది.

యార్డుకు వచ్చిన ప్రతి బస్తాకూ పక్కన కోత ఉంటుంది. దళారీలు అందులోంచి గుప్పెడు కాయ లాగి మచ్చు చూస్తారు. కోత లేకుండా బస్తా గేటు దాటదు, దాటినా ఎవడూ కొనడు. వేదికలో, సరిగ్గా జక్రయ్య కాళ్ళ కింద, ఒక బస్తా కొత్తపెళ్ళికూతురిలా చెక్కుచెదరకుండా ఉంది. దొరకు పొగాకు తెలుసు, మిర్చి తెలియదు.

యార్డు గడియారంలో ఐదుకు ఇంకా రెండు మూడు నిమిషాలే ఉంది. దొర చేతి గడియారం చూసుకుని గేటు వైపు అడుగు వేశాడు. ఈ ఇద్దరూ ఏ టైము చెబుతారోనని ఆయన కాచుక్కూర్చోలేదు. తన టైము తను పెట్టేసుకున్నాడు.

గురునాథం లేవాలి. లేవాలంటే చేతులు కావాలి. చేతులు రెండూ తువ్వాలు కింద ఇరుక్కుని ఉన్నాయి. లాక్కుంటే ఇద్దరూ తిరిగి చూస్తారు, ఇద్దరి నడుములకూ పిస్తోళ్ళున్నాయి.

ఒక్క క్షణం ఆలోచించాడు. తువ్వాలు కిందే దళపతి కుడిచేతిని సేనాని కుడిచేతిలో పెట్టి, తనవి మెల్లగా లాగేసుకున్నాడు.

ఇద్దరూ కాయ రాశి వైపే చూస్తున్నారు. బేరం సాగింది. నాలుగన్న వేళ్ళు కాస్త సడలాయి. ఆరన్న వేళ్ళు కూడా సడలాయి. ఒకరి అరచెయ్యి ఒకరు నిండా పట్టుకుని ఐదు దగ్గర కుదిరారు. ఇద్దరి ముఖాల మీదా గుడ్డల చాటున సంతోషం కనిపించింది. ఇంత మంచి దళారీ వాళ్ళకు జన్మలో తగల్లేదు.

గురునాథం వేదిక దగ్గరికి ఉరికాడు. లైటర్ కత్తితో బస్తా చీల్చాడు. కాయ జలజలా రాలింది, ఘాటు పైకి లేచింది, లోపల డబ్బా బయటపడింది. దానికి రెండు వైర్లు. ఒకటి ఎర్రది, ఒకటి కాషాయం. ట్రైనింగులో ఏది ముందు కోయమన్నారో గుర్తు రాలేదు. రెండూ కలిపి గుప్పిట పట్టి ఒక్క కోత కోశాడు.

డబ్బాలోని గడియారం ముల్లు ఐదు మీద ఆగిపోయింది.

దొర పిస్తోలు తీశాడు. తీసినవాడికి తుమ్ము వచ్చింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. గుండు పోయి రేకుల కప్పుకు తగిలింది. హమాలీల వేషంలో ఉన్న పోలీసులు ఆయన్ని బస్తా ఎత్తినట్టు ఎత్తుకుపోయారు.

పిస్తోలు చప్పుడుకు జనం చెల్లాచెదురయ్యారు. ఇద్దరు మాత్రం కదల్లేదు. దళపతీ, సేనానీ ముఖాల మీది గుడ్డలు ఎడమచేత్తో కిందికి లాక్కుని, తలలు తిప్పి చూసుకున్నారు. గోడల మీది పోస్టర్లలో ఒకరి ముఖం ఒకరికి బాగా తెలుసు. మధ్యలో దళారీ లేడు. తువ్వాలు జారిపోయింది. చేతులు కలిసే ఉన్నాయి. వదిలితే ఎదుటివాడు ముందు పిస్తోలు తీస్తాడని ఇద్దరికీ ఒకే భయం. అలా, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు, పోలీసులు వచ్చేదాకా గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కంగారులో కానిస్టేబులు బేడీలు ఒక జతే తెచ్చాడు. అది సరిపోయింది.

జక్రయ్య మాస్టారు బతికాడు. మైకు ముందు నిలబడి, "వెళ్ళకండి, ఒక్క మాట," అంటూనే ఉన్నాడు. వినడానికి ఎవరూ మిగల్లేదు. మర్నాటికి రైతులు ఆ బస్తా కూలీలు మోసుకొచ్చారన్నారు. కూలీలు రైతుల బండిలో వచ్చిందన్నారు. చాప చుట్టేశారు. దళానికి మళ్ళీ అన్నం దొరికింది, సేనకు మళ్ళీ చందా దొరికింది.

"నీకిచ్చిన పని ఆయన ప్రాణం," అన్నాడు చీఫ్, టైపు చప్పుడు మధ్య. "నువ్వు చేశావు. మిగతాది మన సెక్షన్ కాదు."

దొరను మర్యాదగా విమానం ఎక్కించారు. దళపతి, సేనాని బెయిలు మీద బయటికి వచ్చి చెరో ప్రకటన ఇచ్చారు. జక్రయ్య ప్రభుత్వ గూఢచారి అన్నది రెండు ప్రకటనల్లోనూ ఉంది. రెండు వైపులవాళ్ళకూ ఇంతగా కాని మనిషి దగ్గర ఏదో రహస్యం ఉండి తీరుతుందని ప్రభుత్వం కూడా ఆలోచించింది. ముందుజాగ్రత్తగా ఆయన్ని అరెస్టు చేసి ఒంగోలు జైల్లో పెట్టింది. గురునాథం చూడబోతే, మాస్టారు ఊచల వెనక ఒక వార్డరు కొడుక్కి భిన్నాలు నేర్పుతున్నాడు.

"బతికించారు, సంతోషమేనండీ," అన్నాడు. "ఈసారి పోలీసులు తలుపు కొట్టకుండానే వచ్చారు."



ఆ నెలాఖరున ఒంగోల్లో ప్రభుత్వం శాంతిసభ పెట్టింది. ఖద్దరు చీరలో బాలత్రిపురసుందరి మైకు ముందుకు వచ్చింది. శత్రువు ఎదురుగా లేడు, మన మధ్యనే ఉన్నాడు. నవ్వుతూ మాట్లాడతాడు, సర్దుకుపొమ్మంటాడు. వాడిని క్షమిస్తే మన దేశం మనల్ని క్షమించదు.

చప్పట్లు అదే చోట పడ్డాయి. అందరికంటే ముందు కొట్టింది గురునాథం. ఆ రోజు అతని డ్యూటీ అదే.