హుక్కులు లేని ఆది జాకెట్టు

ఏజెంట్ వీరభద్రరావుని యానాం సంతలో పొడిచేశారు. పట్టపగలు. అతని చేతిలో దర్జీ కొట్టు చీటీ ఒకటి మిగిలింది.

ఫ్రెంచి దొరలు మూటాముల్లే సర్దుకుంటున్న రోజులవి. ఛీఫ్ ఉమామహేశ్వరం ఆ చీటీని ఏజెంట్ మరియదాసు ముందుకి తోశాడు. 'ఆది ప్రకారం.' అంతే ఉంది.

"విదేశీ ముఠా. ఏ జెండా లేదు. శనివారం మూడు చోట్ల బాంబులు. వీరభద్రరావు చేసినట్టే నువ్వూ చెయ్యి. చావడం మాత్రం మానెయ్."

మరియదాసు నవ్వలేదు. ఈ పనిలో ముసలివాడైనవాణ్ణి అతనింకా చూడలేదు.

మూడో రోజుకి యానాం ఫరంపేటలో, ఆ చీటీ తాలూకు జోసెఫిన్ కొట్టుకి దర్జీ వేషంలో చేరాడు. కత్తెర పిడిలో కెమెరా. చెవి మీద చాక్‌ముక్కలో ట్రాన్స్‌మిటర్. అది ఒక్కసారీ పలకలేదు.

"చేతులు పొట్టిగానా?" అంది జోసెఫిన్. అది కోడ్.

"ఉతికితే అవే పొట్టివవుతాయి."

ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆమె పట్టుగౌను చూడ్డానికే చొక్కాలు కుట్టించుకునేవారు. ఆమె ముఠాకీ పనిచేసేది, ఛీఫ్‌కీ పనిచేసేది.

"నాకు దేశాల గొడవ వద్దండీ. మా చెల్లి ఆగ్నెస్ బతికుండాలి. శనివారం అయిదింటి లాంచీకి అవతలి ఒడ్డుకి పంపేస్తున్నాను. పేలేది ఆరింటికి కదా."

ఆ ఆరు గోడ మీదే ఉంది. ఎర్ర ఆది జాకెట్టు, ఆరు హుక్కులు. ఆది ఇచ్చాక దర్జీకి కొలతలన్నీ అందులోంచే వస్తాయి. తేడా ఉంటేనే చీటీలో రాస్తారు. ముఠా ఆర్డర్లూ అంతే. హుక్కులెన్నుంటే అన్ని గంటలకి పేలాలి. హుక్కులు లేకపోతే పని రద్దు. బాంబులు పెట్టే మనుషులు ముగ్గురు, ఆది ఒక్కటే.

"ముగ్గురి వెంటా పడక్కర్లేదు. దీన్ని మారిస్తే చాలు," అన్నాడు మరియదాసు. శనివారం మధ్యాహ్నం ఆరు హుక్కులూ కత్తిరించేశాడు.

మొదటివాడు వచ్చి, జాకెట్టు చూసి, ఇంటికి పోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు అమ్మన్న, రేవులో కూలీ. గోడకేసి చూడనేలేదు.

"ఆగ్నెసమ్మ బట్టల మూట ఇటివ్వండి. లాంచీలో అందిచ్చేత్తాను," అని పట్టుకుపోయాడు.

"ఆది చూళ్ళేదేంటండీ ఈడు?" అంది జోసెఫిన్.

మరియదాసు చప్పున చీటీలకేసి తిరిగాడు. ఆది ఎదురుగా ఉండగా చీటీ చదివే దర్జీ ఎక్కడా ఉండడు. తనూ చదవలేదు. మేకుకి గుచ్చిన చీటీల్లోంచి అమ్మన్నది లాగాడు.

'ఆది ప్రకారం. హుక్కులు మాత్రం అయిదు.'

అయిదుకి ఎనిమిది నిమిషాలుంది.

అతను చీటీ లాగడం చూసి, ఎదురు అరుగు మీద ముఠా కాపలావాడు లేచి నిలబడ్డాడు. జోసెఫిన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెరటి దారిన పరిగెత్తండి. ఈణ్ణి నేను ఆపుతాను."

"నిన్ను చంపేస్తాడు."

"మా చెల్లి ఆ మూట ఒళ్ళో పెట్టుక్కూచుంటాదండీ. ఎల్లండి!"

రేవు చేరేసరికి లాంచీ రెండు బారలు కదిలింది. దూకాడు. చేపల గంపల మీద పడ్డాడు. ఆగ్నెస్ ఒళ్ళో మూట టిక్కుటిక్కుమంటోంది. లాక్కుని గోదాట్లోకి విసిరేశాడు.

"ఓరి నీ జిమ్మడ! మా అక్క కుట్టిన జాకెట్లయ్యా అవి!"

ఆమె గొడుగెత్తి రెండు దెబ్బలు వేసింది. మూడోది వేసేలోగా ఏరు తాటిచెట్టంత ఎత్తు లేచి, అందరినీ తడిపేసింది.

అవతలి ఒడ్డున ఆగ్నెస్‌ని దింపి తిరిగొచ్చేసరికి కొట్టు తలుపులు తెరిచే ఉన్నాయి. మిషను బోర్లాపడి ఉంది. దాని పక్కన జోసెఫిన్. ఆమె కళ్ళు మూసి, గోడ మీది ఎర్ర జాకెట్టు తీసి మొహం మీద కప్పాడు.

రిపోర్టు పంపాడు. మర్నాడే ఛీఫ్ దగ్గర్నించి టెలిగ్రాం వచ్చింది.

'కోరంగిలో వాళ్ళది మరో కొట్టు ఉంది. యానాంలో చేసినట్టే చెయ్యి. జోసెఫిన్ మాత్రం ఉండదు.'

ఈసారి మరియదాసు చివరిదాకా చదివాడు.