వెనక ప్లాట్లలో గంగవాయిలి

ఆ ఉదయం భోజనాల బల్ల వద్ద ఉన్నవారు నలుగురు. తూర్పు కొసన పట్టాభిరామయ్య గారు, ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు. వారి కుడిపక్కన కుమారుడు రమాకాంత్. అతనికి ఎదురుగా కోడలు శ్రీసుధ. అందరికంటే చివర, కూర్చోకుండా నిలబడి, గృహిణి కోటేశ్వరి. ఆమె చేతిలో గంగవాయిలి పప్పు గిన్నె ఉన్నది.

తెనాలి వైపు నుండి వచ్చి ఇబ్రహీంపట్నంలో ఇల్లు కట్టుకున్న ఆ కుటుంబంలో ఆకుకూరే తగాదాగా మారింది. తొలకరి పడగానే ఇంటి వెనుక ఖాళీ ప్లాట్లలో గంగవాయిలి, తుమ్మి, గునుగు వాటంతట అవే మొలుస్తాయి. పక్క వీధి సైదాతో కలిసి కోటేశ్వరి వాటి చిగుళ్ళు మాత్రమే గిల్లి తెచ్చేది. వేరు కదల్చకపోతే మళ్ళీ చిగురిస్తాయి. ఎవరు ఎంత కోసినా చెరి సగం పంచుకోవాలన్నది ఆ ఇద్దరి కట్టుబాటు. శ్రీసుధకు ఇది తలవంపులుగా ఉండేది. "మీ అత్తగారు ప్లాట్లలో మేతకు వెళ్తారట గదా" అని కాలనీ స్త్రీలు నవ్వగా ఆమె స్వయంగా విన్నది.

"సంతలో కొన్నారా అత్తయ్యా?" అని అడిగింది శ్రీసుధ.

"సంతలో ఎందుకూ, పెరటి వెనకాల నవనవలాడుతుంటే? నీళ్ళు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు, లారీ ఎక్కి రానక్కర్లేదు. ఒంటికి రక్తం పడుతుంది కూడానూ. ఎప్పటిలాగే శుక్రవారం దాకా ఆగుదామనుకున్నా గానీ, సైదా పిలిస్తే తెల్లారే వెళ్ళి కోసుకొచ్చాం."

శ్రీసుధ ముఖం పాలిపోయింది. నిన్న సాయంకాలం అత్తమామలు నాదర్‌గుల్‌లో పెళ్ళికి వెళ్ళిన సమయం చూసి, కాలనీ సూపర్‌వైజరు నగేష్ చేత ఆ ప్లాట్లన్నింటిలో కలుపుమందు కొట్టించినది ఆమే. శుక్రవారానికి అంతా మాడిపోతుంది, ఎవరినీ అనడానికి ఉండదని ఆమె లెక్క. మందు పడిన మరునాడు కూడా ఆకు పచ్చగానే కనిపిస్తుందని నగేష్ చెప్పనే చెప్పాడు.

కోటేశ్వరి గిన్నెను కొడుకు కంచం మీదికి వంచబోయింది. శ్రీసుధ చేయి విసిరింది. గిన్నె నేలపాలయింది.

"చేయి తగిలింది," అన్నది శ్రీసుధ.

"తగల్లేదు, తోశావు. నేను చూశాను," అన్నది కోటేశ్వరి. "నేను వండింది కుక్కకి పెట్టినా ఇంత అసహ్యంగా చూడదు."

"కుక్కలు గడ్డి తినవు లెండి."

"సుధా, ఇక చాలు," అన్నాడు రమాకాంత్.

"నాకు చెబుతారేం? నలుగురిలో నవ్వులపాలయ్యేది మీరా, నేనా?"

"పరువు పచ్చని మొక్కతో పోయేది కాదమ్మా, నోటితో పోయేది," అన్నారు పట్టాభిరామయ్య గారు, కుర్చీ వెనక్కు నెట్టి.

కోటేశ్వరి వంగి నేల మీది పప్పును చేతులతో ఎత్తసాగింది. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చేయి ఖాళీ లేదు. "పోనీ, విలువ తెలిసినవాళ్ళయినా తింటారు. సైదా కూతురు నుస్రత్‌కి ఏడో నెల, రక్తం తక్కువగా ఉందన్నారు దవాఖానాలో. సగం సైదాకి ఇచ్చాను. ఈపాటికి వండి పెట్టే ఉంటుంది."

గిన్నె ఒలికినా తన గుట్టు ఒలకలేదని శ్రీసుధ అంతవరకు అనుకున్నది. ఇప్పుడు ఒకే మాట మిగిలింది. ఆ మాట చెబితే ఈ ఇంట్లో ఆమె తలెత్తుకోలేదు. చెప్పకపోతే గర్భిణి తింటుంది. సైదాకు ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. చెప్పులైనా వేసుకోకుండా గేటు దాటి పరుగెత్తింది. ఏమీ అర్థంకాక మిగిలిన ముగ్గురూ ఆమె వెంట నడిచారు.

సైదా ఇంటి అరుగు మీద నుస్రత్ పళ్ళెం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్నది. శ్రీసుధ ఆ పళ్ళెం లాగేసుకున్నది.

"ఏం పనమ్మ గిది?" అంటూ సైదా లోపలినుంచి వచ్చింది. "తినేటి మనిషి ముంగట పళ్ళెం గుంజుతరా ఎవరన్న?"

"తిన్నావా నుస్రత్? ఒక్క ముద్దైనా నోట్లో పెట్టావా?"

"లేదక్కా. ఇప్పుడే కలుపుతున్న."

"తినకండి. ఎవరూ తినకండి. నిన్న ఆ ప్లాట్లలో మందు కొట్టించాను. నేనే."

అప్పటికే వాకిట్లోకి వచ్చిన కోటేశ్వరి ఆ మాట విన్నది. సైదా పళ్ళెం వైపు, శ్రీసుధ వైపు చూసింది.

"మరి మీ ఇంట్ల తిన్నరా?"

"లేదు. నేను గిన్నె తోసేశాను."

"అచ్ఛా. నీ ఇంటి గిన్నె ముందుగాల పారబోసినవ్. మా ఇల్లు ఆఖరుకు యాదికొచ్చిందా? గా ఆకు ఒక్క నీ అత్త తింటదా? మా మేకలు తింటయ్, రేపు నా మనుమడు తింటడు. జర సోంచాయించినవా?"

"లేదు," అన్నది శ్రీసుధ. "సగం మీకు వచ్చిందని నాకు తెలియదు. తెలిసిన వెంటనే వచ్చాను. మీరేమన్నా పడతాను."

"పడుతవ్, పడక ఏం జేస్తవ్," అన్నది సైదా. నుస్రత్‌ను దగ్గరకు లాక్కుని చేతులు కడిగించసాగింది.

కోటేశ్వరి ముందుకు వచ్చింది. "ఇది మా ఇంటి తప్పు, సైదా. నాకు కూర మీదున్న పట్టుదల దానికి పరువు మీద ఉంది. ఇద్దరం ఒకళ్ళ మాట ఒకళ్ళు వినలేదు." పిమ్మట కోడలితో, ముఖం చూడకుండా, "గిన్నె తోసినప్పుడే నోరు విప్పాల్సింది. అది నేను మరిచిపోను," అన్నది. అలా అంటూనే తన చెప్పులు విడిచి, మట్టి అంటిన కోడలి కాళ్ళ ముందు పెట్టింది. శ్రీసుధ వాటిలో కాళ్ళు దూర్చలేక ఏడ్చింది.

పట్టాభిరామయ్య గారు అరుగు అంచున నిటారుగా నిలబడి, అక్కడ ఉన్నవారందరూ వినేటట్లు ఇలా పలికారు:

"తప్పు ఎవరిదో అందరం విన్నాం. ఆ ప్లాట్లలో ఎవరూ కోయకుండా, మేకలు మేయకుండా నేనూ రమాకాంత్ ఇప్పుడే కాపలా పెడతాం. ఇక రెండో మాట. నోరు మూసుకుని ఉంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు. ఎవరూ అడగకముందే వచ్చి, తన నోటితో తానే ఒప్పుకుని, ఈ తల్లినీ కడుపులోని బిడ్డనూ కాపాడినది మా కోడలు శ్రీసుధ. ఇంటి పెద్దగా ఈ మాట నేను అందరి ముందూ చెబుతున్నాను."