ఆముదానికి కుదిర్చిన సంబంధాలు

పర్వతాలు అనే కుర్రవాణ్ణి అండాలు మొదట దొంగ అనుకుంది. తిరుమలగిరి దగ్గర వాళ్ల ఆముదపు చేనులోకి దిగి, లేత ఆకులు తెంపి ఐసు డబ్బాలో దాచుకుంటున్నాడు మరి.

"ఎవల్నడిగి తెంపుతున్నవ్?"

"రీసెర్చి కోసం," అన్నాడతను, ఆ మాటతో చేనంతా తన పేర రిజిస్టరైపోయినట్టు.

బి.ఎస్సీ. చదివిన అండాలు అంత తేలిగ్గా వదల్లేదు. అతనికి చెప్పక తప్పలేదు. కణంలో ప్రోటీన్లు ఒకదానితో ఒకటి జతకట్టి పనిచేస్తాయట. ఏది దేనితో కలుస్తుందో, బన్ను పొంగించే ఈస్ట్ విషయంలో విదేశాల వాళ్లు కొంత తేల్చారు. ఆముదంలోని జతల గురించి మాత్రం, పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది వచ్చినా, ఏ కంప్యూటర్లోనూ ఒక్క ముక్క లేదు. అందుకని ఈస్ట్‌లో కలిసే జంటను చూసి, వాటిని పోలినవి ఆముదంలో వెతికి, ఇవీ కలుస్తాయని గీత గీస్తాడు. అలా గీసి గీసి పెద్ద వలే అల్లాడు.

"అంటే చుట్టాల మొగం చూసి సంబంధం ఖాయం చేస్తవన్నట్టు."

పర్వతాలుకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆ తర్వాత అతనికి ఆకుల అవసరం విపరీతంగా పెరిగింది. వానలో కూడా వచ్చి, తడిసిన ఆకే పరిశోధనకు శ్రేష్ఠమన్నాడు. ఆమె నమ్మినట్టే కనిపించింది.

చిక్కల్లా ఒకటే. అతని అన్నకు ఆమె అక్కను లోగడ అడిగితే మాటల దగ్గరే చెడింది.

అయినా పర్వతాలు తన ప్రొఫెసర్ను పెద్దమనిషిగా వెంటబెట్టుకొని అండాలు తండ్రి కాటమయ్య దగ్గరకొచ్చాడు. ఏం పని చేస్తావని ఆయన అడగడమే ఆలస్యం, హుషారుగా అంతా వివరించాడు. కాటమయ్య శ్రద్ధగా విని, సాసరు కింద పెట్టాడు.

"మీ అన్నకు, మా పెద్దదానికి కుదరలే. మీరేమో వాళ్లను పోలినోళ్లే. నీ లెక్కనే చెప్తున్న, మీకు గూడ కుదరది."

తన పద్ధతిని ఒక రైతు ఇంత చక్కగా వాడినందుకు ప్రొఫెసరు ముచ్చటపడి తలూపాడు.

తలుపు చాటు నుంచి అండాలు గొంతు నెమ్మదిగా వినిపించింది. "గా గీతలు నిజమో కాదో పరీక్ష చేసి చూసిండ్రా?"

పర్వతాలు ప్రొఫెసరు వైపు చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

"చూసిన. సగానికి ఎక్కువ తప్పినయ్. ఈస్ట్‌ల కలిసినయ్ ఆముదంల ఒకదాని జోలికి ఒకటి పోలే. ఈస్ట్‌ల కలవనియ్ గీడ కలిసినయ్."

ప్రొఫెసరు ఛాయ్ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఆ వల మీదనే వచ్చే నెల ఆయనకు ఢిల్లీలో ఉపన్యాసం ఉంది.

"గీ ముచ్చట సారుకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అన్నాడు కాటమయ్య.

"చెప్తే నా డిగ్రీ పోతది."

"మరి ఇప్పుడు పోదా?"

"పోతది. పోనీయ్."

కాటమయ్య తలుపు వైపు తిరిగాడు.

"బిడ్డా, పెళ్లి ముచ్చట మాట్లాడుకుందాం గని, ముందుగాల సారుకు ఇంకో ఛాయ్ ఇయ్యి. పానం పోయేటట్టున్నది."