తాళం వేసిన ఇంట్లో నడక

"నువ్వమ్మిన బ్యాండుల దయ్యముంది. వాపస్ తీస్కో."

వినోద ఖాళీ డబ్బాను కౌంటర్ మీద ఠపీమని పెట్టింది. గంగాదాస్ తలెత్తాడు. ఆర్మూర్‌లో ఆ సెల్‌ఫోన్ల దుకాణానికి వచ్చే ఆడపిల్లలందరూ అతన్ని అన్నా అంటారు. వినోద ఒక్కతే ఏమీ అనదు.

"దయ్యానికి వారంటీ ఉండదు. ఏమైంది?"

"నవ్వకు. నాయినమ్మకు గుండె బలం లేదు, ఎక్కువ నడవద్దన్నడు డాక్టరు. నేను యార్డుల అడ్తి దుకాణంల పనికి పోతే ఇంట్ల ఒక్కతే ఉంటది. అందుకే అడుగులు లెక్కవెట్టే గా బ్యాండు కొని చేతికి కట్టిన. దినాం పగటిపూట కోసులు కోసులు నడిచినట్టు చూపెడ్తది. అడిగితే, చాప మీదికెళ్లి లేవనే లేదంటది."

"అబద్ధం చెప్తున్నదేమో."

వినోద గొంతు తగ్గించింది. "నిన్న బయట తాళమేసి పోయిన. సాయంత్రం ఫోన్ చూస్తే మళ్ల నడిచింది. ఉన్నది ఒక్కటే అర్ర. ఎటు నడిచింది?"

బయట అకాల వాన. మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మీద టార్పాలిన్లు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. ఠక్కున కరెంటు పోయింది. గంగాదాస్ ముఖంలో నవ్వు కూడా పోయింది.

"మనిషిని ఇంట్ల పెట్టి తాళమేస్తరా? ఏమన్నయితే ఎట్ల?"

"ఎయ్యకుంటే ఏ తొవ్వల పడిపోతదో! నిన్నటి సంది నాతోని మాట్లాడ్తలేదు. ఇయ్యాల సుత ఏసిన. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు."

"బ్యాండు కదలిక లెక్క చెప్తది. గుండె సంగతి కావాల్నంటే ఛాతీకి కట్టే పట్టీ ఉంటది. మొన్న ఫోన్ల అడిగితివి గద, తెప్పించిన. పా, చూపెడ్త. ఏది మంచిగనిపిస్తే అది ఉంచుకో."

వినోద ఇంటి తాళం తీసింది. లోపల చీకటి, తునికాకు వాసన. లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకొని, ఒడిలో చాట పెట్టుకొని కూర్చుంది. మనవరాలి వైపు చూడలేదు.

"పొద్దంత ఎటు పోయినవ్ నాయినమ్మా?"

"మీ తాతతోని పెర్కిట్ ఊరి దాకా."

తాత పోయి చాలా ఏళ్లయింది.

గంగాదాస్ పట్టీ వెనుక భాగాన్ని నీళ్లతో తడిపి ముందుకు చాపాడు. "ఇది ఛాతీకి కట్టుకోవాలె అవ్వా."

"పరాయి పిల్లగాడు తెచ్చిన పట్టీ నేను కట్టుకుంటనా? అక్కడ పెట్టు."

పట్టీని చాప మీద పెట్టి అతను ఫోను తెరిచాడు. తెర మీద ఎర్రటి గుండె బొమ్మ కదిలింది. ఆగింది. తర్వాత లయగా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

పట్టీ చాప మీద ఖాళీగా పడి ఉంది.

"అది... ఎవరి గుండె?" వినోద అతని భుజం మీదుగా వంగింది. బొమ్మ పక్కన గుండె వేగం చూపే అంకె ఒక్కసారిగా ఎగిరింది. ఆమె భయపడి గడప దాకా వెనక్కి పోయింది. అంకె దిగింది. ఒక్కడుగు ముందుకు వేసింది. మళ్లీ ఎక్కింది.

"నేనొస్తే దానికి తెలుస్తున్నది!" అంది.

లక్ష్మీనర్సమ్మ మాత్రం బెదరలేదు. "నన్ను చూస్తే మీ తాత గుండె సుత గట్లనే కొట్టుకునేది," అంది. ఆపైన గంగాదాస్‌ను పైనుంచి కిందికి చూసింది. "కానీ గిది మీ తాతది కాదు. పిల్లగా, నీ అంగీ కింద ఉబ్బుగ ఉన్నదేంది?"

అతను ఛాతీ తడుముకున్నాడు. ముఖం పాలిపోయింది.

"పొద్దున... పనిచేస్తదో లేదో అని ఇంకో పట్టీ నేనే కట్టుకొని చూసిన. తీసుడు మర్శిపోయిన. ఫోను దానికే కలిసినట్టుంది."

"అయితే పనిచేస్తున్నదా?" అడిగింది వినోద. ఆమెకు భయం పోయి, నవ్వు రాబోతోంది.

"చూస్తున్నవ్ గద. నువ్వు దుకాణంల అడుగుపెట్టినప్పుడల్లా గిదే కత. చెప్పే ధైర్యం లేక ఇన్నొద్దులు దాసుకున్న."

వినోద తన ఫోను వైపు తల దించుకుంది. నాయినమ్మ తిరిగి బీడీ చుడుతోంది. ఆకు తిప్పడం, తంబాకు పోయడం, చుట్టి దారం కట్టడం. బ్యాండు కట్టిన మణికట్టు ఊగిన ప్రతిసారీ ఫోనులో అడుగుల లెక్క పెరుగుతోంది.

"నాయినమ్మా! నువ్వు బీడీలు చుడుతుంటే ఇది నడక అనుకుంటున్నది! ఉత్తగనే తాళమేసిన నీకు."

"అనుకునుడేంది? చేతులు ఇక్కడుంటయి, నేను మీ తాతతోని పోతనే ఉంట. గా బ్యాండుకు తెలిసింది నీకు తెల్వలె."

గోడ అవతల ఎవరో ఇద్దరు తడి నేలపై నడిచి వెళ్తున్నట్టు చప్పుడైంది. వినోద తొంగి చూసింది. సందులో ఎవరూ లేరు. వాన చప్పుడే కావచ్చు. నాయినమ్మ మాత్రం అటు చూసి చిన్నగా నవ్వింది.

"ఇగ రెండిట్ల ఏది ఉంచుదాం?" అడిగింది వినోద.

"రెండూ వద్దు. గీ పిల్లగాన్ని ఉంచు. పగటి బువ్వకు ఇంటికొస్తే నన్ను చూసినట్టుంటది, నీకు ఫికర్ ఉండదు. మీ అమ్మానాయినల సుత ఓసారి తోల్కరా పిల్లగా, మాట్లాడ్త."

వినోద చీర చెంగు వేలికి చుట్టుకుంది.

"రేపు పచ్చిపులుసు. కారం ఎక్కువేస్త. తింటవా?"

"తింట," అన్నాడు గంగాదాస్, ఫోను వీపు వెనక దాచుకుంటూ.