కాప్రాలో వెలసిన రాయి

కాప్రా చెరువు దాపున ఎకరం నేలను ఒంటిచేత్తో కాపాడిన మొనగాడు మా భానుప్రకాశ్. నమ్మనివాళ్లు పక్క కథ చదువుకోవచ్చు.

రెజిమెంటల్ బజార్‌లో పైపులు అమ్ముకునే కుర్రాడికి నేల మీద అంత ప్రేమ ఎలా పుట్టిందంటారా? శ్రీలేఖ పుట్టించింది. కాలనీ పిల్లలకూ, రేపు వాళ్ల పిల్లలకూ ఆడుకోవడానికి ఓ ఖాళీ జాగా మిగలాలని ఆ అమ్మాయి ప్రతి ఆదివారం పదిమందిని పోగేసి అక్కడ మొక్కలు నాటిస్తుంది.

మొదటి రోజే పేచీ.

"ఏవండీ, అది గునపమా, మైకా? పట్టుకుని ఉపన్యాసం ఇస్తున్నారు!"

"జెర వార్మప్ అయితున్న మేడమ్."

"మీ వార్మప్ అయ్యేసరికి వచ్చే ఆదివారం వస్తుంది."

ఆమె అలా ఓరగా చూడగానే గునపం జారి అతని కాలి మీదే పడింది. ప్రేమ అన్నారు తోటివాళ్లు. వాపు అన్నాడు డాక్టర్.

నాటిన మొక్కల మీద ట్రాక్టర్లవాళ్లు కూల్చిన ఇళ్ల మట్టి కుమ్మరించేవారు. బోర్డు పెడితే బోర్డు మీదా పోశారు. శ్రీలేఖ కళ్లలో నీళ్లు చూసి భాను బుర్ర పనిచేసింది. చేయకుండా ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఓ నున్నటి రాయి తెచ్చి, వేపమొక్క పక్కన నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు.

ట్రాక్టర్లు బంద్! డ్రైవర్లు దండం పెట్టి మరీ వెనక్కి తిప్పుకున్నారు.

ఆ తర్వాత కొబ్బరికాయలు షురూ. ఆపైన రేకుల షెడ్డు, ఆపైన కమిటీ. పోచమ్మ వెలిసింది కాబట్టి జాగా అంతా చదును చేసి గుడి, పక్కన ఫంక్షన్ హాలు కట్టాలని తీర్మానం. అందరికంటే ముందున్నది భాను నానమ్మ పుష్పమ్మే.

ఇక దాచి లాభం లేదు. అది ఎకరం కాదు, మహా అయితే పావు ఎకరం. ఒంటిచేత్తో మావాడు చేసింది కాపాడడం కాదు, ముంచడం.

"మొక్కలన్నీ పీకేస్తారట," అంది శ్రీలేఖ. "ఆ రాయి పెట్టిన మహానుభావుడు దొరకాలి గానీ..."

"దొరికితే ఏం చేస్తరు?"

"జన్మలో మొహం చూడను."

నోరు విప్పితే పిల్ల పోతుంది. మూసుకుంటే నేల పోతుంది. రేకుల షెడ్డులో జరిగిన కమిటీ మీటింగులో భాను లేచాడు.

"గిది వెలిసిన రాయి కాదు. నేనే పెట్టిన."

"అబద్ధం!" అని ఉరిమాడు కమిటీ పెద్ద భద్రయ్య. "అమ్మ నా కలలకొచ్చింది!"

"కలలకేమో గానీ పెద్దయ్యా, రాయి మా ఇంట్లకెల్లి వచ్చింది. నానమ్మా, అది నువ్వు పచ్చడి నూరే పొత్రం."

పుష్పమ్మ వెళ్లి కొంగుతో పసుపు తుడిచింది. పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూసింది.

"ఓరి నీ మొకం మండ! పోయిన పొత్రం దొరకాలని దీనికే కొబ్బరికాయ మొక్కుకుంటి గదరా!"

భద్రయ్య తప్ప అందరూ పగలబడి నవ్వారు. పొత్రానికి గుడి కట్టిన కాలనీ అనిపించుకోవడం ఎవరికిష్టం? పని లేకుండా పోయిన కమిటీని పుష్పమ్మ ట్రాక్టర్లు రాకుండా కాపలా పెట్టింది.

శ్రీలేఖ తప్ప అందరూ వెళ్లాక కాప్రా మీద వాన విరుచుకుపడింది. భాను నిలువునా తడిశాడు.

"మొహం చూడనన్నరు గదా?"

"చూడట్లేదు. మొక్కను చూస్తున్నాను. మీరే అడ్డం నిలబడ్డారు."

"జరగాల్నా?"

"వద్దు. ఇంతమంది ముందు నిజం చెప్పారుగా, మా నాన్నగారికి ఇంకొకటి చెప్పండి."

"ఏమని?"

"ఆదివారాలు మీరొచ్చేది మొక్కల కోసం కాదని."

ఇందులో ఇక నేను కల్పించింది ఆ వాన ఒక్కటే. ప్రేమకథలో వాన లేకపోతే కుర్రకారు ఊరుకోదని కురిపించాను. ఆ పూట చినుకు లేదు. మావాడు తడిసిన మాట మాత్రం నిజం. మొక్కలకు తెచ్చిన ట్యాంకర్ పైపు శ్రీలేఖ చేతిలో ఉంది.