గుండుసూదుల వెనక నవ్వు

"నీ దగ్గరికి రానంటోందమ్మా..." అని కొడుకు తల వంచుకుని చెప్పేసరికి ఆ తల్లి కుట్టుమిషను ఆపేసింది. సగం కుట్టిన గౌను మిషను మీద అలాగే ఉండిపోయింది. కోడలికి ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కొడుకేమో లారీ డ్రైవరు, నెలలో సగం రోడ్డు మీదే ఉంటాడు. ఇలాంటప్పుడు ఆ పిల్లకు అత్త గాక దిక్కెవరు? మిషను గది పక్క గదిని ఖాళీ చేసి, కిటికీ దగ్గర మంచం వేసి, కొత్త దుప్పటి పరిచి మరీ ఎదురుచూస్తోంది ఆమె. తీరా చూస్తే ఎవరినైనా జీతానికి పెట్టుకుంటాను గానీ అత్తయ్య ఇంటికి మాత్రం వద్దంటోందట!

తాను చేసిన తప్పేమిటి? వేరే దేశపు పిల్ల అని ఏనాడైనా చిన్నచూపు చూసిందా? తన కోసం ఆ పిల్ల తెలుగు నేర్చుకుంటే ఇరుగుపొరుగుకి చెప్పుకుని మురిసిపోయింది కదా! పెళ్లయిన దగ్గర్నుంచి కోడలు రోజూ పొద్దున్నే ఫోనులో పలకరిస్తుంది. తను పనిచేసే బేకరీలో ఆ రోజు చేసిన కేకు ఫొటో, నాలుగు మాటలు. ఈమె కూడా ఒక్క రోజు తప్పకుండా జవాబిస్తూనే ఉంది. ఏడుస్తూ కూర్చుంటే ఒరిగేదేముందని ముఖం కడుక్కుని కొడుకింటికి బస్సెక్కింది.

అత్తను చూడగానే కోడలు కంగారుగా లేవబోయింది. ఆమె వద్దని పడుకోబెట్టి, పక్కనే కూర్చుని, నా వల్ల ఏం పొరపాటు జరిగిందో చెప్పమని అడిగింది. కోడలు ఫోను తీసి చూపించింది. పైనుంచి కిందిదాకా అత్తగారి జవాబులన్నీ ఒకటే... సన్నగా నవ్వే పసుపు రంగు ముఖం బొమ్మ.

"మా వైపు ఎవరైనా ఈ ముఖం పెడితే, నీతో మాట్లాడ్డం ఇష్టం లేదు, ఇక చాలు అని అర్థం అత్తయ్యా. బిడ్డ సంగతి చెప్పినప్పుడు కూడా మీరు ఇదే పెట్టారు," అంటూ కోడలు కళ్లు తుడుచుకుంది.

అత్త నెత్తి కొట్టుకుంది. అయ్యో, తన పని అలాంటిది! పొద్దున ఆ పలకరింపు వచ్చే వేళకి పెదవుల మధ్య గుండుసూదులు, చేతిలో కత్తెర. మాట్లాడదామంటే నోరు తెరవడానికి ఉండదు, రాద్దామంటే చెయ్యి ఖాళీ ఉండదు. ఒక్క వేలికి అందిన బొమ్మ అది. నవ్వంటే ఎక్కడైనా నవ్వే అనుకుంది పిచ్చి తల్లి! అదంతా చెప్పుకుని, ఇంత బాధపడుతూ రోజూ ఎందుకు పలకరించావు, వాడికైనా ఎందుకు చెప్పలేదు అని అడిగింది.

"తల్లీకొడుకుల మధ్య తగువు పెట్టడం నాకిష్టం లేదు. మీరు ఒక్క రోజు కూడా జవాబు మానలేదు. కోపమున్నా జవాబిస్తున్నారు కదా, ఎప్పటికైనా తగ్గుతుందిలే అనుకున్నాను. కానీ మంచాన పడి, మీకు బరువై, ఆ ముఖం రోజూ ఎదురుగా చూడలేననిపించింది..."

అత్త కూడా ఒకింటి కోడలే కదా. ఆ రోజుల్లో తన అత్తగారు ఒక్క మాటంటే నెల పాటు ముఖం చాటేసిన మనిషి తను. ఈ పిల్ల రోజూ మనసు చివుక్కుమంటున్నా పలకరింపు మానలేదు! ఆమె కోడలి చేతులు కళ్లకద్దుకుంది. "నువ్వు మానేసి ఉంటే నేను నిన్ను పోగొట్టుకునేదాన్ని తల్లీ. తెలియకుండానే పోగొట్టుకునేదాన్ని. నీ రుణం ఉంచుకోను, పద మనింటికి."

మర్నాడు పొద్దున్న మిషను పక్కన ఫోనులో కోడలి పలకరింపు మోగింది. పక్క గదిలోనే పడుకుని ఉన్నా అలవాటు ఎక్కడికి పోతుంది? ఆమె కత్తెర కింద పెట్టింది. నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. లేచి, గుమ్మంలో నిలబడి, కోడలికి కనబడేలా నోరారా నవ్వింది.