ఊఁకారం గారి జంట సైకిలు

ఆ ఇంట్లో పొద్దున్నే ముందుగా నోరు విప్పేవి గడియారాలు. ముందు గది గోడ నిండా వేలాడే వాటిలో ఏ రెండూ ఒకేసారి గంట కొట్టవు. "వాచీలు బాగుచేసే మనిషి ఇంట్లో ఒక్కటీ సరైన టైము చూపించదేమిటండీ?" అని ఎవరైనా అడిగితే ఇంటాయన తల కూడా ఎత్తడు. "ఊఁ" అంటాడు. జవాబు చెప్పేది ఆయన భార్యే.

"బాగైనవి ఇళ్లకి వెళ్లిపోతాయి కదండీ. ఇక్కడుండేవన్నీ రోగిష్టివే."

నిజానికి ఆయన మాట రాని మనిషి కాదు. కంటికి భూతద్దం తగిలించుకుని, పెదవుల మధ్య పట్టకారు ఇరికించుకుని, చీమ తలకాయంత మర బిగించేటప్పుడు ఎవరేమడిగినా నోట్లోంచి వచ్చేది అదొక్కటే. ఏళ్ల తరబడి అని అని, పని లేనప్పుడూ అదే అలవాటైపోయింది. ఆ ఊఁకి అర్థం అవును కావచ్చు, విన్నాను కావచ్చు, వినలేదు గానీ నువ్వు కానియ్ అనీ కావచ్చు. వీధిలో వాళ్లు ఆయనకు ఊఁకారం గారని పేరు పెట్టారు. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేస్తే, దానికీ ఊఁ అన్నాడట.

ఆవిడ దారి వేరు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి కిందటేడు రిటైరైంది. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి "రైట్ రైట్" అందంటే తన డ్రైవరుకే కాదు, పక్క బస్సు డ్రైవరుక్కూడా వినపడేది. అంత గొంతున్న మనిషికి వినీ వినని మొగుడు దొరికాడు. రాసిపెట్టి ఉండాలి మరి.

జంట సైకిలు వాళ్లింటికి ముక్కలుగా వచ్చింది. ఏదో పాత క్లబ్బు షెడ్డు పడగొడుతుంటే, తుప్పు పట్టిన గొట్టాల కుప్పలో ఆయన కంట పడింది. ముందొక సీటు, వెనకొక సీటు, రెండు జతల పెడళ్లు, ఇద్దరి కాళ్లనూ కలిపి తిప్పే చైను. ఒకరు తొక్కడం ఆపితే రెండోవారూ ఆపాల్సిందే. వాచీలు పక్కన పెట్టి, చలికాలమంతా దాని వెంట పడి, కొత్త పెళ్లికూతురిలా తయారుచేశాడు. ఆ మోజులో ఉండగానే, వేరే దేశంలో కొండల మధ్య ఏటా పాత సైకిళ్ల యాత్ర ఒకటి జరుగుతుందని తెలిసింది. కొత్త సైకిళ్లు తెస్తే వెనక్కి పంపేస్తారు. ఒంటి మీద ఉన్ని చొక్కా ఉండాలి. దారంతా మట్టీ, కంకరా, ఎత్తుపల్లాలూ. పోటీ ఏమీ లేదు, చీకటి పడేలోగా చేరితే చాలు. ఇద్దరి పేర్లూ ఇచ్చేశారు. తను ముందు, ఆవిడ వెనక అని ఆయనే చెప్పేశాడు. ఆవిడను అడగాలని ఆయనకు తట్టలేదు.

ఆ పొద్దున ఆవిడ కిటికీ పక్కన కూర్చుని తన ఉన్ని చొక్కాకి రెండో చెయ్యి అల్లుతోంది. ఆయన బల్ల ముందున్నాడు. కూతురు చెప్పులు విడుస్తూనే తల్లి మోకాలి వంక చూసింది. ఆ పిల్ల ఫిజియోథెరపిస్టు. రెండు వీధుల అవతలే కాపురం. అందరూ ముఖం చూసి పలకరిస్తే, తను మోకాళ్లు చూసి పలకరిస్తుంది.

"ఆ చెయ్యి ఇక అల్లక్కర్లేదమ్మా. నాన్న చొక్కా ఒక్కటి చాలు."

"ఏం? నేను ఒంటిచెయ్యి చొక్కాతో తొక్కనా?"

"నువ్వు తొక్కట్లేదు. నీ పేరు తీసేయమని నిన్న వాళ్లకి ఫోన్ చేసి చెప్పేశాను. నాన్నకి అక్కడే ఒంటి సైకిలు అద్దెకిస్తారట, పాతదే."

ఆవిడ చేతిలో సూదులు ఆగాయి.

"ఎందుకు చెప్పావే?"

"ఎందుకా? మొన్న పార్కు వెనక వాలులో పడ్డారా లేదా? ఆ తోటమాలి ఊడ్చిన ఆకుల కుప్ప అక్కడ ఉండబట్టి సరిపోయింది. అదే కొండ మీదైతే? అక్కడ నీకోసం ఆకులెవరు పోసి పెడతారు?"

"ఆ పడటం నా మోకాలి వల్ల కాదు. ఆపుదామా అని అడిగాను. ఈయన ఊఁ అన్నారు. నేను కాళ్లు ఆపాను. ఈయన ఆపలేదు. ఇద్దరం కలిసి ఆకుల్లో తేలాం. కందకు లేని దురద కత్తికెందుకే? మోకాలు నాది. దానికి లేని భయం నీకెందుకు?"

"భయం కాదమ్మా, అది నా వృత్తి!"

"వృత్తి అయితే నన్ను అడగాలిగా? ఎవరినడిగి తీయించావు?"

"నాన్ననడిగే. మొన్న ఇక్కడే, ఈ బల్ల దగ్గరే అడిగాను. అమ్మ పేరు తీయించెయ్యనా నాన్నా, నువ్వొక్కడివే వెళ్తావుగా అని."

"ఆయనేమన్నారు?"

"ఊఁ అన్నాడు."

తల్లి ముఖం చూశాక కూతురి గొంతు కాస్త తగ్గింది.

"మౌనమే అర్ధాంగీకారం అంటారు. ఊఁ అంటే పూర్తి అంగీకారమే కదమ్మా?"

"ఇన్నేళ్లు కాపురం చేసిన నాకే అంతుపట్టలేదు ఆ ఊఁ ఏమిటో. నీకు మొన్న ఒక్క పూటలో తెలిసిపోయిందా!"

తన పేరు చాలాసార్లు నలుగుతోందని ఆయనకు అప్పటికి తెలిసింది. పట్టకారు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనా? నేనెప్పుడన్నాను?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ అల్లిక పక్కన పెట్టి లేచి నిలబడింది. బస్సులో అరిచే గొంతు కాదు అప్పుడు వచ్చింది. చాలా మెల్లగా వచ్చింది.

"ఈ మాట ఇదివరకు ఒకసారి విన్నానండీ. మీకు గుర్తుండదు. డిపోలో ఆడవాళ్లని డ్రైవర్లుగా తీసుకుంటామని నోటీసు పెట్టారు, మొట్టమొదటిసారి. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. పరిగెత్తుకొచ్చి, వెళ్లనా అని అడిగాను. ఊఁ అన్నారు. సంబరంగా వెళ్లి పేరిచ్చాను. ట్రైనింగు పొరుగూళ్లో అని తెలిశాక, పాపనెవరు చూస్తారు, నేనెప్పుడు వెళ్లమన్నాను అన్నారు. మర్నాడు వెళ్లి పేరు కొట్టేయించుకుని, వెనక తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాను."

"ఏమోయ్..."

"చెప్పనివ్వండి. అలా నిలబడే రిటైరయ్యాను. రోడ్డు వెనక్కి పోవడమే చూశాను గానీ, ఎదురుగా రావడం ఎలా ఉంటుందో నాకు తెలీదు. అప్పుడు నా పేరు నా చేత్తో నేనే తీయించుకున్నాను. ఈసారి మీరిద్దరూ కలిసి తీసేశారు. అంతే తేడా."

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. గిన్నెలు చప్పుడు చేయలేదు. కోపం వస్తే గిన్నెలు మోగే ఇల్లది. మోగకపోయేసరికి తండ్రీకూతుళ్లిద్దరూ వంటింటి వైపు చూశారు.

కూతురు అక్కడే ముక్కాలిపీట మీద కూలబడింది. ఆ పాప తనే. తన కోసం అమ్మ మానుకున్నది ఒకటుందని తెలియకుండానే ఇంత పెరిగింది. ఇప్పుడు అమ్మ మంచికే అనుకుంటూ రెండోసారీ మాన్పించబోయింది. పైగా అమ్మ సంగతి నాన్ననడిగింది. అప్పుడు వంటింట్లోనే ఉన్న అమ్మను అడగాలని ఎందుకు తోచలేదో ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు. కళ్లు తుడుచుకుని, "నాన్నా, వాళ్ల నంబరు నా దగ్గరుంది. నేను మాట్లాడతాను," అంది.

"వద్దమ్మా. ఊఁ అన్నది నేను. ఇలా తే."

ఆయన కంటి భూతద్దం తీశాడు. కంటి చుట్టూ ఎర్రటి గుండ్రటి గుర్తు పడి, ఆ ముఖం కొత్తగా ఉంది. ఫోనంటే ఆయనకు గిట్టదు. ఆ దేశపు మాట ఆయనకు వచ్చింది తక్కువ, రానిది ఎక్కువ. అయినా వంటింటి గుమ్మంలో, ఆవిడకు వినపడేలా నిలబడి మాట్లాడాడు. కూతురు స్పీకరు నొక్కింది. అవతల ఎవరో ఆడమనిషి. గొంతు హుషారుగా ఉంది.

"నా భార్య పేరు మళ్లీ చేర్చండమ్మా. ఆవిడ మానలేదు. మా అమ్మాయి ఏదో అడిగితే నేను వినకుండా ఊఁ అన్నాను. అందువల్ల ఈ గొడవ."

"ఊఁ అంటే ఏమిటండీ?"

ఆయన కాసేపు తల గోక్కున్నాడు.

"అదే మా ఇంట్లో ఎవరికీ తెలీడం లేదు."

అవతల ఆవిడ పకపకా నవ్వింది. వంటింట్లోంచి కూడా ఏదో చప్పుడైంది. కోపంగా ఉన్న మనిషి నవ్వాపుకుంటే వచ్చే చప్పుడది.

"మా ఆయనా అంతే," అంది అవతలావిడ. "ఆయన ఊఁ అనడు, గుర్రుమంటాడు. సరేలెండి, జంట సైకిలు జంట విడిపోయిందేమిటా అని మేమే అనుకుంటున్నాం. పేరు చేరుస్తాను. ముందు సీటు మునుపటిలాగే మీదేనా?"

ఊఁ గొంతుదాకా వచ్చేసింది. ఆయన దాన్ని మింగాడు. గుమ్మంలోంచి లోపలికి చూశాడు. ఆవిడ వీపు కనిపిస్తోంది.

"ఏమోయ్. నువ్వు ముందు కూర్చుంటావా?"

ఆవిడ వెంటనే తిరగలేదు. తిరిగినప్పుడు ముక్కు ఎర్రగా ఉంది.

"బెట్టు చేస్తే సీటు పోతుందేమోనమ్మా," అంది కూతురు ఏడుపులోనే నవ్వుతూ.

"ఊఁ," అంది ఆవిడ. ఆ ఊఁకి మాత్రం ఎవరూ అర్థం వెతుక్కోలేదు.

ఆ రోజే ఆయన ముందు సీటు దించి, హ్యాండిలు ఆవిడ చేతులకు అందేలా సర్ది బిగించాడు. కూతురు తన షరతు తను పెట్టింది. రోజూ పొద్దున్నే మోకాళ్ల కసరత్తు, తన ఎదురుగానే. "బస్సు డ్రైవరుకి కూడా ఇన్ని పరీక్షలు పెట్టరే," అని తల్లి సణుగుతూనే చేసింది. మొదటి రోజు పార్కు గేటుని గుద్దబోయి ఆగారు. మూడో రోజుకి ఊఁకారం గారు భార్య వెనక కూర్చుని వీధంతా తిరుగుతుంటే అరుగుల మీది వాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక కూర్చుంటే దారి కనపడదు. ముందున్న మనిషి వీపు కనిపిస్తుంది, మాట వినిపిస్తుంది. గుంట అంటే గుంట, మలుపు అంటే మలుపు, ఏదొచ్చినా ఆవిడ చెబితేనే తెలియాలి. ఆయన చెవులకు ఇన్నాళ్లకు పని దొరికింది.

యాత్ర మొదలయ్యే చోట ఎటు చూసినా పాత సైకిళ్లే. పెద్ద చక్రాలవి, తోలు సీట్లవి, కిర్రుమనేవి, కిర్రుమనకుండా ఉండలేనివి. ఉన్ని చొక్కాల్లో అందరూ చెమటలు కక్కుతూ నవ్వుతున్నారు. ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ వెతుక్కుంటూ వచ్చి, "ఊఁ మీరేనా?" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. కూతురు వ్యానులో ముందే వెళ్లి, అన్నిటికన్నా ఎత్తైన కొండ కొసన నిలబడింది.

మధ్యాహ్నానికల్లా ఆ కొండ వచ్చింది. దారి ఒక్కసారిగా నిటారుగా లేచింది. చక్రాల కింద కంకర జారుతోంది. ముందు వెళ్లినవాళ్లు చాలామంది దిగి, సైకిళ్లు తోసుకుంటూ నడుస్తున్నారు. అలా నడవడం ఇక్కడ నామోషీ కాదు. దిగినవాళ్లు పక్కకి తప్పుకుని దారిచ్చి, "తొక్కండి, తొక్కండి" అని అరుస్తున్నారు.

ఆవిడ ఆగకుండా పెడళ్లు తొక్కుతోంది. వెనక ఆయన ఊపిరి కొలిమి తిత్తిలా ఆడుతోంది.

"ఏమండీ, దిగి తోసుకుంటూ పోదామా?"

వెనక నుంచి వెంటనే జవాబు రాలేదు. వినలేదేమో అనుకుంది. మళ్లీ అడగబోతుంటే, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ ఆయన గొంతు వినిపించింది.

"నీ గొంతులో అలుపు లేదు. నీకు దిగాలనుందా? నా కోసం అడుగుతున్నావా?"

ఆవిడకు దారి మసకబారింది. చెయ్యి వదిలి కళ్లు తుడుచుకోవడానికి లేదు. హ్యాండిలు తన చేతుల్లో ఉంది.

"మీ కోసమే. మీ ఆయాసం వినలేకపోతున్నా."

"నా ఆయాసం సంగతి నేను చూసుకుంటా. నీకేం కావాలో చెప్పు."

ఆ ప్రశ్న కోసం తను ఎన్నేళ్లుగా చూస్తోందో అడిగేదాకా ఆవిడకే తెలియలేదు. చెంపల మీద నీళ్లు అలాగే కారనిచ్చింది.

"పైదాకా తొక్కాలనుంది."

"అయితే పోనీయ్."

వెనక నుంచి పెడళ్ల మీద ఆయన బలమంతా పడింది. ఆవిడ ముందుకు వంగి తొక్కింది. కొస మీద నిలబడ్డ కూతురు ఇద్దరినీ చూసింది. అమ్మ మోకాళ్లు చూడాలన్న సంగతే మర్చిపోయి, అమ్మ ముఖం చూస్తూ గొంతు పోయేలా అరిచింది.